సొరంగం పలుకుతోంది

కొండకి ఇవతల రాజధాని, అవతల పల్లపు ఊరు. రాజధాని నుంచి ఆ ఊరికి కబుర్లు పోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి సొరంగం, ఇంకొకటి మేకల దారి. రెండు దారులూ చీలే చోట ఒక రాతి అరుగు, ఆ అరుగు మీద ఒక దారికాపరి. ఏ కబురు ఏ దారిన పోవాలో తేల్చడం అతని ఉద్యోగం.

సొరంగం రాజుగారు తవ్వించింది. దాని లోపల సన్నటి కాలువ పారుతుంది. రాజుగారి ఆజ్ఞని వెదురు గొట్టంలో పెట్టి, లక్కతో మూసి, ఆ కాలువలో వదిలితే చీకట్లోనే ప్రయాణం చేసి అవతల తేలుతుంది. ఏం పోతోందో, ఎప్పుడు పోతోందో దారిదొంగలకి తెలిసే వీల్లేదు. లోపలికి తొంగి చూడడం నేరం. సొరంగం గొప్పతనమంతా లోపల ఏముందో ఎవరికీ తెలియకపోవడంలోనే ఉందని ఆస్థానంలో అందరూ ఒప్పుకున్నారు.

మేకల దారి సంగతి వేరు. అది కొండ భుజం మీదుగా, ముళ్ళకంపల మధ్య నుంచి, అందరి కళ్ళముందే పోతుంది. దాన్ని ఎవరూ వెయ్యలేదు. మేకలు నడవగా నడవగా అదే పడింది. వెనకటికి ఒక ముసలి మంత్రి, సొరంగానికి ఏమన్నా అయితే మన గతేమిటని అడిగి, దాన్ని ఆపద్దారిగా ప్రకటింపజేశాడు. ఆ తర్వాత ఆయన్ని ఎవరూ ఏ సలహా అడగలేదు.

ఆ రాజ్యంలో దారి మంచిదో చెడ్డదో దారిని చూసి తేల్చరు, దానికి పూచీ పడింది ఎవరో చూసి తేలుస్తారు. ప్రతి దారి మొదట్లోనూ ఒక పలక పాతి ఉంటుంది. సొరంగం ముందున్న రాతి పలక మీద "రాజుగారి పూచీ" అని చెక్కి ఉంది. మేకల దారి ముందున్న చెక్క పలక మీద, అక్కడ మేకలు కాసే ఆవిడ పేరున, "మేకలమ్మ పూచీ" అని ఉంది, అదీ బొగ్గుతో. పెద్దవారు పూచీ పడిన దారి బతికి ఉన్నంతకాలం చిన్నవారి దారి వంక కన్నెత్తి చూడకూడదు. చట్టం అంతే.

బతికి ఉందో లేదో తెలుసుకోవడానికి కూడా ఒక పద్ధతి ఉంది. రోజూ పొద్దున్నే దారికాపరి సొరంగం నోటి దగ్గర నిలబడి "క్షేమం" అని అరుస్తాడు. అవతలి నోటి దగ్గర ఉన్న కాపరి అది విని, తనూ "క్షేమం" అని అరుస్తాడు. జవాబు వస్తే దారి ఉన్నట్టు. రాని రోజునే మేకల దారి.

దారికాపరి ఈ ఉద్యోగాన్ని దేవుడి పూజ చేసినంత నిష్ఠగా చేసేవాడు. ఒక్కగానొక్క కూతుర్ని పల్లపు ఊళ్ళో ఇచ్చాడు. మేకల దారిన పోతే భోజనాల వేళకి ఊరు చేరుకుంటామని పెళ్ళివారు అంటే, కబురుకే పనికిరాని దారి కూతురికి ఎలా పనికొస్తుందని అడ్డంపడి, ఒక పగలూ ఒక రాత్రీ పట్టే బండి దారిన పల్లకీని మైదానమంతా చుట్టూ తిప్పించాడు. ఊరు చేరేసరికి పెళ్ళికూతురి తల్లో పూలు వాడిపోయాయి. మగపెళ్ళివారి నోళ్ళు మాత్రం వాడలేదు. ఆ మాటలన్నీ పిల్లే పడింది. దారికాపరి మాత్రం చట్టం తప్పలేదని తృప్తిగా ఇంటికొచ్చి పడుకున్నాడు.

ఒక ఏడు కొండ లోపల ఎక్కడో మట్టి నాని, సొరంగం నడిమధ్యన కప్పు కూలింది. ఆ చప్పుడు ఎవరికీ వినపడలేదు. నీళ్ళు రాళ్ళ సందుల్లోంచి ఎలాగో జారిపోయాయి. గొట్టాలు జారలేవు కాబట్టి అక్కడే ఆగిపోయాయి.

మర్నాడు పొద్దున్న దారికాపరి "క్షేమం" అన్నాడు. సొరంగం కూడా "క్షేమం" అంది.

అతనికి ముచ్చటేసింది. అంతకుముందు జవాబు ఆలస్యంగా వచ్చేది. గొంతు బొంగురుగా ఉండేది, మధ్యలో దగ్గు కూడా వినపడేది. ఒక్కోసారి అవతలివాడు నిద్రలో ఉంటే ఇవతల గొంతు పోయేలా అరవాల్సి వచ్చేది. ఇప్పుడు అనడం ఆలస్యం, జవాబు సిద్ధం. అవతలి కాపరిని మార్చినట్టున్నారు, ఎవరో పద్ధతి తెలిసిన మనిషిని పెట్టారు అనుకున్నాడు. ఆ గొంతు ఎక్కడో విన్నట్టే ఉంది. మంచి వంశంలోవాడే అయ్యుంటాడు.

నెమ్మదిగా ఆ ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఎండ మండిపోతోందని ఇవతల నుంచి అంటే, మండిపోతోందని అవతల నుంచి అనేవాడు. దారుల మంత్రికి బుద్ధి తక్కువని ఇటు నుంచి గొణిగితే, తక్కువేనని అటు నుంచి కూడా గొణిగేవాడు. కట్టుకున్న భార్య కూడా ఇన్ని విషయాల్లో తనతో ఏకీభవించలేదని దారికాపరి ఆశ్చర్యపోయాడు. సొరంగం మునుపటికంటే బాగా పలుకుతోందని పైకి విన్నవించాడు. పైనుంచి అతనికి శాలువా వచ్చింది.

అవతల పల్లపు ఊళ్ళో బొంగురు గొంతు కాపరి కాలువ వంక చూస్తూ కూచున్నాడు. గొట్టాలు రావడం లేదు, అరుపులూ రావడం లేదు. రాజుగారు మనమీద ఏ లోటూ ఎంచడం లేదు, అందుకే ఏ ఆజ్ఞా పంపడం లేదని అతను ఊరి పెద్దలకి చెప్పాడు. వాళ్ళు సంతోషించి అతనికీ ఒక శాలువా కప్పారు.

ఇటు రాజుగారు పండక్కి మామిడిపళ్ళు పంపమని ఆజ్ఞ పంపితే పళ్ళు రాలేదు. అదే ఆజ్ఞని కాస్త గట్టిగా రాయించి పంపితే అప్పుడూ రాలేదు. పల్లపు ఊరివాళ్ళకి కళ్ళు నెత్తికెక్కాయని సభలో తేలింది. ఇక బెదిరింపులు మొదలయ్యాయి. ఒకదాని వెనక ఒకటి అన్నీ సొరంగంలోకే పోయాయి. చీకట్లో, కూలిన రాళ్ళ ముందు, రాజుగారి కోపమంతా గొట్టాల్లో పోగుపడి తడుస్తూ ఉంది.

ఇలా ఉండగా ఒకనాడు మేకలమ్మ అరుగు దగ్గరికి వచ్చింది. కొండకి అటూ ఇటూ మేకల్ని తోలుకు తిరిగే మనిషి ఆవిడ. ఆవిడ నోట్లో పడితే నక్క కూడా చిరుతపులి అయి కూచుంటుంది. ఆ చిరుత తనకి వంగి దణ్ణం పెట్టిందని కిందటిసారి వచ్చినప్పుడే చెప్పింది. ఈసారి సొరంగం కూలిందని చెప్పింది. అవతలి కాపరికి చెంబుడు పాలు పోసి ఆ పక్క నుంచి లోపలికి తొంగి చూసిందట. లోపల ఏనుగులంతేసి బండలు పడి ఉన్నాయట, చీమ కూడా దూరదట.

దారికాపరి నవ్వి, ఆవిడ చూస్తుండగానే సొరంగంలోకి "క్షేమం" అని అరిచాడు. జవాబు రాగానే, విన్నావా అన్నట్టు తలెగరేశాడు.

"అది నీ గొంతే కదయ్యా," అంది మేకలమ్మ.

"రాజుగారి సొరంగం నా గొంతుతో మాట్లాడడమేంటి? నా హోదా ఎంత, దాని హోదా ఎంత?"

మేకలమ్మ అతని వంక జాలిగా చూసి, మేకల్ని అదిలించుకుంటూ పోయింది.

ఆవిడ పోయింది గానీ ఆ మాట పోలేదు. దారికాపరి మర్నాడు దారుల మంత్రి దగ్గరికి వెళ్ళి, సొరంగం లోపల ఏదో కూలిందని ఎవరో అనుకుంటున్నారని భయపడుతూ విన్నవించాడు. సొరంగం పలుకుతోందా అని మంత్రి అడిగాడు. పలుకుతోంది ప్రభూ అన్నాడు ఇతను. మరి ఎందుకొచ్చావని మంత్రి అడిగాడు. ఇతను దణ్ణం పెట్టి తిరిగొచ్చేశాడు. సొరంగం మంచిదని రాజుగారు అన్నారు, కాదని మేకలమ్మ అంటోంది. పలకలు చూస్తే ఎవరి మాట నిలబడుతుందో తెలుస్తూనే ఉంది. అతనికి మనసు తేలికపడింది. పూర్తిగా పడలేదు.

ఆ ఏడు వానలు విరగ కురిశాయి. రాజధాని ఎగువన ఉన్న పెద్ద ఆనకట్ట నిండిపోయింది. అది నిండితే తూములు ఎత్తాలి, తూములు ఎత్తితే ఆ నీళ్ళన్నీ కొండ చుట్టూ తిరిగి పల్లపు ఊరి మీదికే పోతాయి. అందుకని ఎత్తే ముందురోజే ఊరికి కబురు పంపడం, వాళ్ళు పిల్లాజెల్లాతో కొండ ఎక్కడం మొదటినుంచీ ఉన్న ఏర్పాటు. రేపు తూములు ఎత్తుతున్నారని కబురు తయారైంది. లక్క ఇంకా వేడిగా ఉండగానే గొట్టం దారికాపరి చేతికి వచ్చింది.

అతను సొరంగం ముందు నిలబడి "క్షేమం" అన్నాడు. "క్షేమం" అని జవాబు వచ్చింది. ఎన్నడూ లేనిది ఇంకోసారి అరిచి చూశాడు. ఆ ఊళ్ళో కూతురుంది, కూతురి పిల్లలున్నారు. అయినా చట్టం చట్టమే కాబట్టి గొట్టాన్ని కాలువలో వదిలాడు. అది ఊగుతూ చీకట్లోకి పోయింది.

అది కనుమరుగు కాగానే దారికాపరి వెనక్కి తిరిగి, పంచె ఎగ్గట్టి, మేకలమ్మ గుడిసెకి పరుగెత్తాడు. అమ్మకి ఒంట్లో బాగాలేదనీ, పిల్లల్ని తీసుకుని కొండ దారిన తక్షణం రమ్మనీ తన కూతురికి చెప్పమన్నాడు. తూముల మాట ఎత్తలేదు. అది రాజుగారి రహస్యం, సొరంగంలో తప్ప ఇంకెక్కడా పోకూడదు.

మేకలమ్మ కర్ర అందుకుంటూ అతని మొహంలోకి చూసింది.

"ఊరికేమో సొరంగం, నీ కూతురికేమో నా మేకల దారా?"

"అది రాజుగారి కబురు. ఇది నాది," అన్నాడు దారికాపరి, నేల చూపులు చూస్తూ.

మేకలమ్మ దారిలో చిరుతల కథలేవీ కల్పించకుండా నేరుగా ఊరు చేరి, చెప్పమన్న మాట చెప్పమన్నట్టే చెప్పింది. కూతురు వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి విన్నది. అమ్మకి ఒంట్లో బాగాలేదన్న మాట ఆమెని భయపెట్టలేదు. అది ఏ దారిన వచ్చిందో తలుచుకుంటే భయమేసింది. పెళ్ళినాడు కూడా పల్లకీని చుట్టూ తిప్పించిన మనిషి, ఈవేళ తన నోటి మాటని మేకల దారిన పంపాడు. ఆకాశం వంక చూసింది, ఏటి వంక చూసింది. తర్వాత చావడి దగ్గరికి పరుగెత్తి, అక్కడున్న డప్పు తీసుకుని తనే కొట్టింది. మా నాన్నకి చట్టం తప్పేంత భయం పట్టుకుందంటే మనం ఇక్కడ ఉండకూడదని ఊరందరికీ చెప్పింది. కొందరు నవ్వారు, కొందరు తిట్టారు, పొద్దుగూకేలోపు మాత్రం అందరూ కొండ ఎక్కారు. నీళ్ళు వచ్చాయి. గోడలు పోయాయి, గాదెలు పోయాయి. మనుషులు మిగిలారు.

రాజధానిలో పండగ చేశారు. ఊరంతా సమయానికి కొండ ఎక్కిందంటే కబురు అందినట్టే కదా, కబురు పోయింది సొరంగంలోంచే కదా అని దారుల మంత్రి సభలో విడమరిచి చెప్పాడు. సభ చప్పట్లు కొట్టింది. సాక్ష్యానికి దారికాపరిని పిలిచారు. హెచ్చరికని ఏ దారిన పంపావని రాజుగారు అడిగారు.

"సొరంగం దారినే, ప్రభూ," అన్నాడు. అది నిజమే.

ఇంకేమీ అడగలేదు. అతనూ ఇంకేమీ చెప్పలేదు. చెబితే మేకల దారిన కబురు ఎందుకు పంపావంటారు, ఉద్యోగం ఊడుతుంది, తల ఉంటుందో లేదో కూడా తెలియదు. సొరంగం ముందు పాత రాతి పలక తీసేసి, అంతకు రెట్టింపు బరువున్న రాగి పలక పాతమని రాజుగారు ఆజ్ఞ ఇచ్చారు. సొరంగం ఇంత బాగా పనిచేస్తుంటే ఆపద్దారి దేనికి, నలుగురి కంటా పడే దారి ఎప్పటికైనా ప్రమాదమేనని మంత్రి అన్నాడు. మేకల దారి మొదట్లో, రెండు బండల ఇరుకులో, గోడ కట్టెయ్యమన్నారు. ఆ పని దగ్గరుండి చేయించే గౌరవం దారికాపరికే దక్కింది.

గోడ మొదలుపెట్టేముందు కూతురు ఇవతలికి వచ్చింది. తల్లి పొయ్యి దగ్గర నిక్షేపంగా కూచుని పులుసు కాస్తోంది. కూతురు ఆమెని పలకరించి, తండ్రి దగ్గరికి వచ్చి నిలబడింది. సభలో జరిగిందంతా ఆమె దారిలోనే విన్నది.

"నేను అబద్ధం చెప్పలేదమ్మా. అడిగినదానికి జవాబు చెప్పాను," అన్నాడు తండ్రి.

"అడగనిది చెప్పడానికి నీకేం అడ్డొచ్చింది నాన్నా?"

అతను ఇక ఇక్కడే ఉండిపొమ్మని, పిల్లల్నీ అల్లుణ్ణీ తెచ్చుకోమని బతిమాలాడు. ఊరు మొత్తాన్ని తెచ్చుకోనా అని కూతురు అడిగింది. మబ్బు పట్టినప్పుడల్లా ఊరంతా కొండెక్కి కూచుంటే పొలాలు ఎవరు చూస్తారని, తూములు ఎత్తే మాట ఎవరో ఒకరు చెప్పి తీరాలని అంది. వెళ్ళబోతూ ఆగి, మబ్బు పట్టినప్పుడు తను ఒక్కతే ఆ గోడ దగ్గరికి వచ్చి అవతల నిలబడతానని చెప్పింది. నువ్వు నీ సొరంగంతో మాట్లాడుకో అని కూడా అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి. ఆమె దాటి వెళ్ళాక గోడ లేచింది, మనిషి ఎక్కలేనంత ఎత్తున.

ఏడాది గడిచింది. దారికాపరి రోజూ "క్షేమం" అన్నాడు, సొరంగం రోజూ "క్షేమం" అంది. ఎండ గురించి గానీ మంత్రి గురించి గానీ అతను దాంతో మాట్లాడడం మానేశాడు.

మళ్ళీ వానలు పట్టుకున్నాయి. మళ్ళీ ఆనకట్ట నిండింది. లక్క వేడి ఆరని గొట్టం మళ్ళీ అతని చేతికి వచ్చింది.

సొరంగం ముందు నిలబడి "క్షేమం" అన్నాడు. "క్షేమం" అంది సొరంగం. గొట్టం వదలడానికి వంగి, వదల్లేక, లేచి నిలబడ్డాడు. లోపలికి నోరు పెట్టి కూతుర్ని పేరు పెట్టి పిలిచాడు. సొరంగం ఎంతో మర్యాదగా ఆ పేరే తిరిగి చెప్పింది. అది ముసలివాడి గొంతు, భయపడ్డ గొంతు. ఆ గొంతు ఎవరిదో అతనికి చాలా రోజుల నుంచే తెలుసు. తెలియనట్టు ఉండడమే ఉద్యోగం అనుకుంటూ వచ్చాడు. ఇప్పుడు తన మీద తనకే అసహ్యం వేసింది.

గొట్టం బొడ్లో దోపుకుని, రాగి పలకని రెండు చేతులా పట్టి ఊపాడు. రాజుగారి పూచీ గట్టిదే, ఒక పట్టాన కదల్లేదు. వాన నీటికి మట్టి వదులైంది కాబట్టి చివరికి ఊడొచ్చింది. దాన్ని భుజాన వేసుకుని గోడ దగ్గరికి మోశాడు. దాని అంచు రాళ్ళ మధ్య దూర్చి, ఒంటి బరువంతా మోపి తిప్పాడు. కట్టించినవాడు తనే కాబట్టి ఏ రాయి వదులుగా ఉందో తెలుసు. పలక అంచు వంగింది, అక్షరాలు వంకరపోయాయి. రాయి కొద్దిగా జరిగి, వేలు పట్టేంత సందు పడింది.

ఆ సందుకి నోరు ఆనించాడు. ఏమని పిలవాలో తోచలేదు. నోటికి అలవాటైన మాట ఒక్కటే వచ్చింది.

"క్షేమం," అని అరిచాడు.

కాసేపు వాన చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. జవాబు ఆలస్యమైంది.

"ఏం క్షేమం నాన్నా, ఇక్కడ వాన దంచుతోంది," అంది అవతల నుంచి ఒక గొంతు. "అరుస్తూ నిలబడక ఆ పక్క రాయి లాగు."

అది తన గొంతు కాదు. తను అన్న మాటా కాదు. దారికాపరి ఏడుస్తూ ఆ పక్క రాయి లాగి, గొట్టాన్ని సందులో దూర్చాడు. అవతల నుంచి ఒక చెయ్యి దాన్ని అందుకుంది.